నక్కలవాయి చివరి చాటింపు

నక్కలవాయి అనే ఊరు ఇప్పుడు కాగితాల్లో లేదు. దాని చరిత్ర రాసింది నేనే. "ఒక పేజీ మించొద్దు పర్శరాములూ" అన్నారు మా బీడీవో గారు. ఒక పేజీ కూడా నిండలేదు. మంచిర్యాలకు పడమర దిక్కున, వాగు అవతల, అరవై ఇళ్ల ఊరు. నైజాం కాలంలో ఒక జాగీర్దారు కింద ఉండేది. తర్వాత హైదరాబాద్ రాష్ట్రం, తర్వాత ఆంధ్రప్రదేశ్. యాభై తొమ్మిదిలో పంచాయతీ అయింది. పదకొండు ఇళ్లకు పంచాయతీ ఎందుకని అరవై అయిదులో పక్కనున్న పెద్దూరులో కలిపేశారు. ఊరి పుట్టుక, బతుకు, చావు అన్నీ కలిపి ఏడు వరుసల్లో అయిపోయాయి. అరవై ఇళ్లు పదకొండు ఎట్లా అయ్యాయో మాత్రం రాయలేదు. నన్నెవరూ అడగలేదు.

ఊరిని కలపడానికి ఒక తతంగం ఉంది. ఊరివాళ్లను చావడిలో కూడగట్టి, సర్కారు ఉత్తర్వు చదివి వినిపించి, "మాకు సమ్మతమే" అన్న కాగితం మీద పెద్దవాళ్లందరి వేలిముద్రలు తీసుకోవాలి. అక్కడి సర్పంచి బొగ్గుబాయిలో పని దొరికిందని అప్పటికే మూటాముల్లె సర్దుకొని పోయాడు. అందుకని ఆ పని పంచాయతీ సమితి ఆఫీసులో ఉన్న నా నెత్తిన పడింది. నేను టెంపరరీ గుమాస్తాను. మూడేళ్లుగా టెంపరరీనే. "ఇరవై మూడు వేలిముద్రలు సోమవారం పొద్దున నా బల్ల మీద ఉంటే నీ పర్మనెంటు కాగితం కదుల్తది. లేకుంటే నీ కుర్చీ కోసం ఇంకొకడు కాచుకొని ఉన్నడు" అన్నారు బీడీవో గారు. ఆ మాట అన్నది శనివారం సాయంత్రం.

ఆదివారానికి ముసురు పట్టి నాలుగు రోజులు. గట్టిగా కురవదు, ఆగదు. మబ్బు ఇంటి చూరంత కిందికి దిగి ఉంది. పొద్దున పదింటికి వాగు దాటితే నీళ్లు మోకాలి లోతున్నాయి. అవతలి ఒడ్డున గొంగడి కప్పుకొని ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. తాను తడిసినా ఫికర్ లేదన్నట్టు, డప్పును మాత్రం గొంగడి లోపల పొట్టకు అదుముకొని ఉన్నాడు. పేరు మొండయ్య. ఆ ఊరి మస్కూరి. చాటింపు వేయడం, వచ్చిన అధికారులకు దారి చూపడం అతని పని.

"పొద్దూకేవరకు వాగు పెరుగుతది సారు. జర జల్ది కానియ్యాలె" అన్నాడు.

నాకూ కావలసింది అదే. "అయితే చాటింపు వెయ్యి. నక్కలవాయి వాళ్లందరూ చావడికి రావాలి అను."

మొండయ్య కదల్లేదు. "పేరు పెట్టి పిలుస్త సారు. ఒక్కొక్కల కాడికి పోయి."

"ఇళ్లలో ఎవరన్నా ఉన్నారా?"

"ఎవ్వలు లేరు. నాట్లకు పోయిండ్రు. పొలాల కాడికే పోయి పిలుస్త."

పొలాలు కొన్ని గుట్ట కింద, కొన్ని వాగు మలుపులో. అన్నీ తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. అప్పటికి వాగు నన్ను దాటనియ్యదు. సోమవారం పొద్దున బీడీవో గారి బల్ల మీద ఏముంటుంది, నా రాజీనామానా?

"చావడి దగ్గర డప్పు కొడితే పొలాలకు వినబడదా?"

"ఇనవడ్తది."

"మరి?"

"అందరు రావాలె అన్న మాట ఈ ఊర్లె నేను అనలేక పన్నెండేండ్లయింది సారు. గా మాట అంటే అందరొస్తరు."

"రావాలనే కదా పిలిచేది?"

అతను నా మొహంలోకి ఒకసారి చూసి, చెప్పినా దండగే అనుకున్నాడేమో, తల వంచుకున్నాడు. కల్లుకు పైసలు గుంజే ఎత్తు అనుకున్నాను నేను. ఊళ్లు తిరిగే గుమాస్తాకు ఇట్లాంటివి ఎన్ని ఎదురుకాలేదు. "నీ పని ఊడుతుంది చూసుకో" అని బెదిరించాను.

"ఊరే పోతుంటె ఇగ పని ఏడిది సారు" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. గొంగడి లోపలి డప్పును సర్దుకొని అన్నాడు, "దెబ్బ నాది, పిలుపు మీది. మీ నోటితోనే అనుండ్రి. కని ఒక్క మాట. పిలిచినోడే మల్ల పంపియ్యాలె. ఆఖరి మనిషిని పంపేదాక మీరు ఊరు దాటొద్దు."

సరే అన్నాను. అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

చావడి అంటే నాలుగు మట్టి గోడలు, పైన రేకులు, వాగు దిక్కుకు ఒకటే తలుపు. మొండయ్య గడ్డి మంట వేసి డప్పు కాచాడు. చెమ్మకు మెత్తబడిన తోలు బిగిసి టంగుమన్నాక గుమ్మంలో నిలబడి కొట్టాడు. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని అరిచాను. "నక్కలవాయి వాళ్లందరూ చావడికి రావాలె. ఒక్కరు గూడ తప్పిపోవద్దు." ఆ రెండో మాట నా సొంతం. అది వినగానే మొండయ్య చెయ్యి డప్పు మీద ఆగిపోయింది. మూడుసార్లు పిలవాలని నేనే మళ్లీ సైగ చేశాను.

గంటలో జనం వచ్చారు. మోకాళ్ల దాకా బురద, కొందరి చేతుల్లో ఇంకా నారు కట్టలు. ఉత్తర్వు చదివాను. పాత పంచాయతీ మెంబరు అంతయ్య అందరి తరఫున మాట్లాడాడు. "పేరు పోతే పాయె సారు. పెద్దూరుకు కరెంటున్నది. మాకు గూడ ఇస్తరా?" ఇస్తారని చెప్పాను. అది నా చేతిలో ఉన్నట్టు.

వేలిముద్రలు మొదలుపెట్టాను. లస్మవ్వ అని ఒక ముసలామె కాగితం వైపు చూడనే లేదు, తలుపు వైపే చూస్తూ ఉంది. "పిలిచింది ఎవలు బిడ్డా? మొండడు గిట్ల పిలువడు గదా."

"నేనే అవ్వా."

ఆమె గబగబా ముద్ర వేసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "నన్ను పంపు. పేరు పెట్టి పంపు."

నవ్వొచ్చింది. "లస్మవ్వా, పోయి రా" అన్నాను. చేయి వదిలి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆమె ఒక్కతే కాదు. ప్రతివాళ్లూ అదే అడిగారు. మొగవాళ్లు కూడా. అంతయ్యా పోయి రా, పోశవ్వా పోయి రా... అట్లా ఇరవై రెండు మందిని పేరుపేరునా సాగనంపాను. ఊరి ఆచారం కాబోలు అనుకున్నాను. అందరిలోకీ చివర మొండయ్య ముద్ర తీసుకొని, "నువ్వూ పోయి రా" అనబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "నన్ను ఇప్పుడే పంపకుండ్రి సారు. మీరు ఒక్కలే అయితరు."

నాలుగు దాటింది. ఇరవై మూడు ముద్రలు, నల్లగా, పొందికగా. నా మూడేళ్ల టెంపరరీ బతుకు ఆ కాగితంతో తీరిపోతుందనిపించింది. సంచిలోంచి దబ్బనం, దారం తీసి కాగితాలు కుట్టడానికి కూర్చున్నాను. "ఇక పోదాం పద. వాగు దాటించు" అన్నాను.

"ఇంక వచ్చేటోళ్లున్నరు సారు."

"ఇరవై మూడూ అయినయి కదా."

"అరవై ఇండ్ల ఊరు సారు ఇది" అన్నాడు మొండయ్య. కందీలు వెలిగించి గూట్లో పెట్టి, తలుపు పక్కన గోడకానుకొని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. గొంతు పెంచకుండా, వాగు వైపు చూస్తూ చెప్పాడు.

పన్నెండేళ్ల కింద ఇట్లాంటి ముసురులోనే ఊరికి గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు. పొద్దున పట్టుకుంటే మాపటికి మనిషి ఉండడు. సూదులేసే డాక్టరు వస్తున్నాడని తాలూకా నుంచి కబురొచ్చింది. మొండయ్య డప్పు కొట్టాడు. అందరు రావాలె, ఒక్కరు గూడ తప్పిపోవద్దు. జబ్బు పడ్డవాళ్లూ, పడనివాళ్లూ అందరూ వచ్చి, ఎడమ చేతి బట్టను రెట్ట దాకా, అంటే భుజం కిందిదాకా, మలుచుకొని, ఈ తలుపు నుంచి వాగు దాకా వరుసగా నిలబడ్డారు. వాగు నిండుగా వచ్చింది. డాక్టరు అవతలి ఒడ్డున రాత్రి దాకా నిలబడి వెనక్కి పోయాడు. వరుస మాత్రం కదల్లేదు. పోతే సూది దొరకదని భయం. ఆ వానలో, ఆ బురదలో, ఒకళ్ల వెనక ఒకళ్లు ఆనుకొని తెల్లారేదాకా ఉన్నారు. రోగం లేనివాళ్లకు గూడా అక్కడే అంటుకుంది. శవాల మీద సున్నం చల్లి వాగు ఒడ్డునే పూడ్చారు.

"నా పెండ్లాము బాలవ్వ అవ్వగారింటికి పోత అన్నది సారు. నేనే ఆపిన. సూది ఏసుకోని పో అన్న. వరుస ఇడువకు అన్న. ఆఖరుకు నిలవడ్డది. నేను డాక్టరుకు ఎదురువోయి వాగు కాడున్న. నాకు అంటలే." గొంగడి ముందుకు గుంజుకున్నాడు. "నలభై ఆరు మంది సచ్చిపోయిండ్రు. మిగిలినోళ్లల్ల చానమంది ఊరిడిసి పోయిండ్రు. ఎవ్వలను ఎవ్వలు పంపలే. గందుకే అందరు అనను సారు."

నాకు జాలి కలిగింది. భయం కూడా కలిగింది గానీ, చదువుకున్నవాణ్ని కదా, దాన్ని ఒప్పుకోలేదు. ఇంకొక పది నిమిషాలు చూసి పోదామనుకున్నాను.

ముందు వాసన వచ్చింది. తడిసిన సున్నం వాసన. దాని అడుగున ఇంకేదో పుల్లగా. చావడి వెనక మడిలో అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి. రేకుల మీద ముసురు చప్పుడు ఒక్కటే మిగిలింది. బయట మనుషులు నిలబడితే వాన నేల మీద పడే చప్పుడు మారుతుంది. గొంగళ్ల మీద, బట్టల మీద మెత్తగా పడుతుంది. ఆ చప్పుడు మారింది. తలుపు దగ్గర మొదలై, దూరంగా, వాగు దాకా...

అడుగుల చప్పుడు మాత్రం లేదు.

తలుపులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ఎడమ చెయ్యి. అంగీ రెట్ట దాకా మలిచి ఉంది.

ఆలస్యంగా వచ్చిన మనిషి అనుకున్నాను. అలవాటుగా బొటనవేలు పట్టుకొని ఇంకులో అద్ది కాగితం మీద నొక్కాను. రోజంతా బట్టలుతికిన చేతికి ముడతలు పడ్డట్టు ముడతలు పడిన వేలు. చల్లగా ఉంది. కాగితం మీద ముద్ర పడలేదు. తడి మాత్రం గుండ్రంగా పడింది.

"పేరు?" అన్నాను.

"అడుగకుండ్రి" అన్నాడు మొండయ్య గుసగుసగా.

అప్పుడు తలెత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. కళ్లు గుంటల్లోకి పోయిన మొహం. అంత వానలో నిలబడ్డ మనిషికి పెదవులు మాత్రం ఎండిపోయి, పగిలి ఉన్నాయి. నన్ను చూడటం లేదు. నా చేతిని చూస్తున్నాడు. వాడి వెనక ఇంకో చెయ్యి. దాని వెనక ఇంకొకటి. చీకట్లోకి, వరుసగా, అన్నీ ఎడమ చేతులే.

లస్మవ్వకు చెప్పినట్టే అన్నాను. "అందరూ... పోయిరండి."

ఎవరూ కదల్లేదు.

"గట్ల పోరు సారు" అన్నాడు మొండయ్య. "సూది కోసమొచ్చిండ్రు. ఏసి పంపుండ్రి."

"నా దగ్గర సూది ఎక్కడిది?"

అతను నా చేతిలోని దబ్బనం వైపు చూశాడు.

చేశాను. ఎట్లా చేశానని అడిగితే చెప్పలేను. తలుపు ఒకటే, వాళ్లు తలుపులో ఉన్నారు. నన్ను పర్మనెంటు చేసే ముద్రల కాగితం ఒడిలో ఉంది. మొదటి చేతి మీద దబ్బనం మొన ఆనించి నొక్కాను. మెత్తని మట్టిలో దిగినట్టు దిగింది. నెత్తురు రాలేదు. వాడు అంగీ చెయ్యి కిందికి దింపుకొని, పక్కకు తిరిగి, చీకట్లోకి పోయాడు. తర్వాతి చెయ్యి. ఆ తర్వాతిది. మొహాలు చూడలేదు. చేతులే చూశాను. ముసలి చేతులు. పచ్చబొట్టు ఉన్న చెయ్యి. ఎవరో ఎత్తుకొని పట్టుకున్న పసి చెయ్యి... దానికి మొన ఆనించి ఆనించనట్టు ఆనించాను. లెక్కపెట్టడం ఒక్కటే నన్ను కాపాడుతుందనిపించి లెక్కపెడుతూ పోయాను. పదిహేను. ముప్పై. నలభై. కందీలు వత్తి చిన్నదయింది.

నలభై ఆరో చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి.

మొండయ్య లేచి నిలబడ్డ చప్పుడు వినిపించింది. "బాలవ్వా..." అన్నాడు. ఊపిరితో అన్నాడు. ఆమె అతని వైపు తిరగలేదు. నేను పొడిచాను. గాజులు చప్పుడు కాలేదు. ఆమె వెనక్కి తిరిగింది.

అయిపోయింది అనుకున్నాను. ఇంకొక చెయ్యి వచ్చింది. అప్పటికి నా చేతికి అలవాటై, మనసు అడగకముందే అది దబ్బనం దించింది.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

నెత్తురు వచ్చింది. ఎర్రగా, నా వేళ్ల మీదికి. తలెత్తి చూస్తే మొండయ్య. గుమ్మం బయట, వానలో, వరుసలో నిలబడినట్టు నిలబడి ఉన్నాడు. అంగీ రెట్ట దాకా మలిచి ఉంది.

"మొండన్నా, ఎందుకు చేసినవు ఇట్ల?"

"గా దినం నేను వరుసల లేను సారు." అతని కళ్లు నా మీద లేవు. గాజుల చెయ్యి పోయిన దిక్కు మీద ఉన్నాయి. "నా పెండ్లాము ఆఖరుకు నిలవడ్డది. దాని ఎనక ఎవ్వలు లేకుండె. ఇగ నన్ను పంపుండ్రి. పేరు పెట్టి."

అప్పుడు నేను వద్దనవచ్చు. ఆ చెయ్యి పట్టుకొని చావడి లోపలికి గుంజి, కట్టు కట్టి, తెల్లారేదాకా పక్కన కూర్చోవచ్చు. ఆ తర్వాత గడిచిన ఈ మూడేళ్లలో ఆ పని ఎన్నిసార్లు చేశానో, పడుకొని, కళ్లు మూసుకొని. ఆ సాయంత్రం మాత్రం వాగు పెరుగుతున్నదని గుర్తొచ్చింది. అతన్ని పంపితే గానీ నేను కదలకూడదని గుర్తొచ్చింది.

"మొండయ్యా, పోయి రా" అన్నాను.

డప్పు గొంగట్లో చుట్టుకొని వెళ్లిపోయాడు. కప్పలు మళ్లీ మొదలుపెట్టాయి.

రొమ్ము లోతు నీళ్లలో, సంచి నెత్తిన పెట్టుకొని వాగు దాటాను. దబ్బనం నడివాగులో పారేశాను. సోమవారం పొద్దున కాగితం బీడీవో గారి బల్ల మీద పెట్టాను. ఆయన ముద్రలు లెక్కపెట్టి, "షాబాష్" అన్నారు. తడి మరకేమిటని అడిగారు. వాన అన్నాను.

గురువారం అంతయ్య కరెంటు సంగతి అడగడానికి ఆఫీసుకు వచ్చాడు. పోతూ పోతూ చెప్పాడు. "మొండడు సచ్చిపోయిండు సారు. మీరొచ్చిపోయిన తెల్లారే. వాగు ఒడ్డుకు పండి ఉన్నడు. గత్తర లెక్కనే ఉండె, కండ్లు గుంటలు వడి. కని జిల్లాల ఏడ గత్తర లేదంటున్నరు." మస్కూరికి పట్టిన పాడు కాలానికి నొచ్చుకొని, కరెంటు ఎప్పుడొస్తుందని మళ్లీ అడిగాడు.

ఇరవై రోజులకు నా ఉత్తర్వు వచ్చింది. పర్మనెంటు కావాలంటే వైద్య పరీక్ష ఉంటుంది. ఆ రోజు కూడా ముసురే. ఆసుపత్రి వరండాలో నాలాంటివాళ్లు పదిమంది దాకా ఉన్నారు. టీకా వేస్తారు, ఎడమ చెయ్యి మలుచుకొని వరుసగా నిలబడండి అన్నాడు కాంపౌండరు. వెనుదిరిగి పోదామనుకున్నాను. అయినా నిలబడ్డాను. అందరికన్నా చివర నిలబడ్డాను, ఎవరన్నా వెనక ఉంటే ఓర్చుకోలేక. వరుస మెల్లగా కదిలింది. వరండా గోడలకు కొత్తగా సున్నం వేసినట్టున్నారు, తడి సున్నం వాసన వస్తున్నదనుకున్నాను. తర్వాత చూస్తే ఆ గోడలకు సున్నం వేసి ఏళ్లయి ఉంటుంది.

నా వంతు వచ్చింది. డాక్టరు నడివయసు మనిషి, విసుగ్గా ఉన్నాడు. నా చెయ్యి పట్టుకొని దూది పెట్టబోయి ఆగాడు.

"నీకు వేసిన్రు కదా. మళ్ల ఎందుకొచ్చినవు?"

"ఎవరూ వేయలేదు సార్."

"ఇది ఏమిటి మరి?" అన్నాడు. రెట్ట మీద ఎర్రగా ఒక పోటు. చుక్క నెత్తురు, ఇంకా ఆరలేదు. "ఎవరేసిన్రో గానీ, ఇంత మొద్దు సూదితోనా వేసేది?" అని గొణుక్కుంటూ నా కాగితం మీద ఆరోగ్యవంతుడు అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత తలెత్తి, నా భుజం మీదుగా తలుపు దిక్కు చూశాడు.

"నువ్వు జరుగు. వెనక ఆయనను రానియ్యి" అన్నాడు.

నేను వెనక్కి తిరగలేదు. పక్క తలుపులోంచి బయటికి వచ్చేశాను.

ఉద్యోగం పర్మనెంటయింది. పెద్దూరు పంచాయతీకే వేశారు. ఇక్కడ చాటింపు వేయాల్సి వస్తే మస్కూరిని ఇల్లిల్లూ తిప్పి, పేరు పెట్టి పిలిపిస్తాను. సారుకు పిచ్చి అనుకుంటారు. మూడేళ్లయింది, ఆ చుక్క ముసురు పట్టినప్పుడల్లా తడి అవుతుంది. నక్కలవాయి వాళ్లందరినీ ఆ రోజు నేనే పంపాను. ఆ చావడికి నేనూ వచ్చినవాణ్నే, నన్ను పేరు పెట్టి పంపేందుకు అక్కడ ఎవరూ మిగల్లేదు.